పోలండువారి సంసారం



ఇల్లు చిందరవందరగా ఉంటే మనం "ఏమిటీ సంత!" అని విసుక్కుంటాం. జర్మన్లు అలాంటి ఇంటిని చూసి "పోలిష్ సంసారం" అనేవారు. జార్జ్ ఫార్‌స్టర్ అనే జర్మన్ పండితుడు 1784లో పోలండు-లిథువేనియా రాజ్యంలోని విల్నోకి ఉద్యోగానికి వెళ్ళి, అక్కడినుంచి రాసిన ఉత్తరాల్లో ఈ మాట వాడాడు. తర్వాత అది నానుడి అయి కూర్చుంది. ఫ్రెంచివాళ్ళేమో పీకలదాకా తాగినవాణ్ణి పోలండువాడితో పోలుస్తారు. 1960లలో అమెరికాలో అయితే పోలండువాళ్ళు తెలివితక్కువవాళ్ళంటూ జోకుల పుస్తకాలే అచ్చయ్యాయి.

మరి ఇలాంటి పేర్లు ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు? 1772, 1793, 1795లలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని విడతలవారీగా పంచుకున్నాయి. 123 ఏళ్ళపాటు ప్రపంచపటంలో పోలండే లేదు. పరాయివాళ్ళ ఇంట్లో జొరబడ్డవాడు "వీళ్ళకి ఇల్లు దిద్దుకోవడం చేతకాదు, అందుకే మేం వచ్చాం" అనక ఏమంటాడు? తెల్లదొరల నోట మనమూ విన్నమాటే కదా ఇది!

నిజానికి ఆ 123 ఏళ్ళూ దేశాన్ని నిలబెట్టింది ఆ సంసారాలే. రష్యా ఏలుబడిలోని బళ్ళలో పోలిష్ భాషకి చోటు లేకపోతే, వార్సాలో ఇళ్ళల్లోనే ఆడవాళ్ళకి రహస్యంగా పైచదువులు చెప్పారు. పోలీసుల కంటపడకుండా ఇవాళ ఒకరింట్లో, రేపు మరొకరింట్లో. అందుకే దానికి "ఎగిరే విశ్వవిద్యాలయం" అని పేరు. అక్కడ చదువుకున్న పిల్లే తర్వాత మేడమ్ క్యూరీ అయింది. 1898లో తాము కనుగొన్న మూలకానికి, పటంలో లేని తన దేశం పేరుమీద "పొలోనియం" అని పేరు పెట్టింది. జర్మన్ల పాలనలోని వ్జెష్నియా ఊళ్ళో 1901లో పసిపిల్లలు జర్మన్‌లో ప్రార్థన చెప్పమని మొరాయించి దెబ్బలు తిన్నారు. ఇదేమిటని నిలదీసిన తల్లిదండ్రులు జైలుకెళ్ళారు. 1918లో స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఏడే ఆడవాళ్ళకి ఓటూ వచ్చింది. ఫ్రాన్సులో ఆడవాళ్ళు అందుకు 1944 దాకా ఆగవలసి వచ్చింది.

పోలండువాళ్ళు ముభావులని కూడా అంటారు. వీధిలో కొత్తవాళ్ళని చూసి ఊరికే నవ్వరు, నిజమే. గడప దాటి లోపలికి వెళ్ళి చూడండి. జోళ్ళు బయట విడిచిపెట్టాలి, ఇంట్లో తొడుక్కునే చెప్పులు వాళ్ళే ఇస్తారు. మనం ఆవకాయ పెట్టుకున్నట్టు వాళ్ళు క్యాబేజీ, దోసకాయలు ఉప్పులో ఊరవేసి దాచుకుంటారు. రొట్టెముక్క కిందపడితే పాతకాలపువాళ్ళు తీసి ముద్దుపెట్టుకునేవారు, మనం అన్నాన్ని కళ్ళకద్దుకున్నట్టే. క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనాల బల్లమీద, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక కంచం అదనంగా పెడతారు. ఇంటికి అతిథి వస్తే దేవుడు వచ్చినట్టే అని వాళ్ళకీ ఓ సామెత ఉంది.

దూరాన్నుంచి చూసి పెట్టే పేరు వేరు, కలిసి బతికినవాళ్ళు పెట్టే పేరు వేరు. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ ప్రభుత్వం ఇళ్ళు విడిపించి తరలించిన పోలిష్ కుటుంబాల పిల్లలు, నిలువనీడ లేక 1942లో మన దేశం వచ్చారు. నవానగర్ సంస్థానాధీశుడు దిగ్విజయసింహ్‌జీ వాళ్ళని బాలాచడిలో ఉంచి, మీరు అనాథలు కారు, నేనే మీకు తండ్రినని ధైర్యం చెప్పాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆయన్ని మరవలేదు. ఇవాళ వార్సాలో ఆయన పేర ఒక కూడలి ఉంది. దాన్ని వాళ్ళు "మంచి మహారాజు కూడలి" అంటారు.