నాడీ పునరావాస స్నాతకోత్తర విద్య (ముంబై)

పక్షవాతం, వెన్నుపాము గాయం, పార్కిన్సన్స్ వంటి జబ్బుల వల్ల దెబ్బతిన్న కదలికను, మాటను, రోజువారీ పనులు చేసుకునే శక్తిని తిరిగి రాబట్టడంలో ఆరోగ్య నిపుణులు పొందే ఉన్నత శిక్షణ నాడీ పునరావాస స్నాతకోత్తర విద్య. వైద్యులకు ఇది మూడేళ్ల ఎం.డి. (ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్)లో భాగం. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాస్టర్స్ స్థాయిలో చదువుతారు.

ఆక్యుపేషనల్ థెరపీకి దేశంలో తొలి పాఠశాలను 1950లో కమలా నింబ్కర్ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నెలకొల్పారు. అదే నగరంలో హాజీ అలీ వద్ద అఖిల భారత భౌతిక వైద్య పునరావాస సంస్థ 1955లో ఏర్పడింది.

శిక్షణలో కొలతలది పెద్ద పాత్ర. సవరించిన ఆష్‌వర్త్ కొలమానంలో బిగుసుకున్న మోచేతిని సుమారు ఒక్క సెకనులో చాపి, కండరం ఎదురుతిరిగే తీరును 0 నుంచి 4 వరకు అంచనా కడతారు. 1కీ 2కీ నడుమ 1+ ఉంటుంది. శరీర సమతుల్యతను కొలిచే బెర్గ్ పరీక్షలో 14 పనులు, 56 మార్కులు. అందులో గొంతుకూర్చోవడం గానీ నేల మీది నుంచి లేవడం గానీ లేవు. ముంబైలోని చాల్ (ఇరుకు గదుల అద్దె ఇళ్ల) జీవితానికి ఆ రెండూ తప్పనిసరి.

పక్షవాతం తర్వాత కోలుకోవడంలో భాష పాత్ర గురించి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించింది. మెదడు పనితీరు మామూలుగా నిలిచినవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం.