చిత్రాలు కొన్న చుక్కల మందు

ఫిలడెల్ఫియాలోని బార్న్స్ ఫౌండేషన్ గోడల మీద రెన్వార్ చిత్రాలు 181, సెజాన్‌వి 69, మతీస్‌వి 59 ఉన్నాయి. ఒక మనిషి తన జీవితకాలంలో కొన్నవి ఇవి. ఆ డబ్బంతా గోధుమరంగు చుక్కల మందు ఒకటి తెచ్చిపెట్టింది. దాని పేరు ఆర్జిరాల్. అందులో ఉన్నది వెండి.

కథ మొదలైంది మాత్రం జర్మనీలో, లైప్‌జిగ్ ప్రసూతి ఆసుపత్రిలో. తల్లికి గనేరియా ఉంటే కాన్పులో అది బిడ్డ కళ్లకు సోకి, చీము పట్టి, చూపు పోయేది. కార్ల్ క్రెడే అనే డాక్టరు పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయించాడు. నూటికి పదిమంది పిల్లలకు వచ్చే జబ్బు ఒక్కరికి రావడమే అరుదైపోయింది. 1881లో ఆయన ఈ సంగతి ప్రచురించాక చాలా దేశాల ప్రసూతి గదుల్లోకి ఆ సీసా చేరింది. చిక్కల్లా మంటతోనే. ఆ మందు క్రిమినే కాదు, పసికందు కంటిపొరనూ కాల్చేది.

మంటలేని వెండి కావాలి. 1897లో ప్రోటార్గాల్ అనే వెండి మందు వచ్చింది. ఆ తరవాత వచ్చినవాడు ఆల్బర్ట్ బార్న్స్. ఫిలడెల్ఫియా కార్మికవాడలో పుట్టి, వైద్యం చదివి, ప్రాక్టీసు పెట్టకుండా వ్యాపారంలో దిగాడు. హెర్మన్ హిల్లే అనే జర్మన్ రసాయనవేత్తతో కలిసి వెండిని ప్రోటీన్‌తో జతకట్టి ఆర్జిరాల్ తయారుచేసి, 1902లో కంపెనీ పెట్టాడు. పేటెంట్ తీసుకుంటే తయారీ గుట్టు బయటపెట్టాలి, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. అందుకని పేరు మాత్రం ట్రేడ్‌మార్క్ చేయించి, విధానాన్ని కడుపులో దాచుకున్నాడు. కొన్నేళ్లకే హిల్లేతో చెడింది, భాగం కొనేశాడు. 1912లో చిత్రకారుడైన తన చిన్ననాటి స్నేహితుడు విలియం గ్లాకెన్స్ చేతికి 20 వేల డాలర్లిచ్చి చిత్రాలు కొనుక్కురమ్మని పారిస్ పంపాడు. ఫ్యాక్టరీలోనూ బొమ్మలు తగిలించి, పనివేళల్లోనే కార్మికుల చేత తత్వశాస్త్రం చదివించేవాడట. మనిషి కోపిష్టి అయినా ఈ ముచ్చట నాకు నచ్చుతుంది.

మందు సంగతికొస్తే ఒక తమాషా ఉంది. ప్రోటార్గాల్ జాతిని ‘గాఢ’ సిల్వర్ ప్రోటీన్ అనేవారు. అందులో వెండి 8 శాతం దాకా. ఆర్జిరాల్‌ది ‘మృదు’ జాతి. అందులో 19 నుంచి 23 శాతం. వెండి రెండింతలకు పైగా ఉన్నది మృదువెలా అయింది? క్రిమిని చంపేది వెండి బరువు కాదు, విడివడి నీళ్లలో తిరిగే వెండి అయాను. అది క్రిమిలోని గంధకమున్న ప్రోటీన్లను పట్టుకుని పనిచేయనివ్వదు. ఆర్జిరాల్‌లో ప్రోటీన్ వెండిని గట్టిగా పట్టుకుని ఉండేది. లాకర్లో బంగారమున్నా సంతలో కూరగాయలు రావు కదా! కన్ను మండకపోవడానికి ఏది కారణమో, క్రిమి సరిగా చావకపోవడానికీ అదే కారణం. హాయిగా ఉందని జనం ముక్కులో, గొంతులో ఏళ్ల తరబడి వేసుకున్నారు.

ఒంట్లో చేరిన వెండిలో కొంత అక్కడే ఉండిపోతుంది. ఓటేసినప్పుడు వేలికి పూసే సిరాలోనూ సిల్వర్ నైట్రేటే ఉంటుంది. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. పైచర్మం రాలి, గోరు పెరిగాక మచ్చ పోతుంది. మింగిన వెండి అలా కాదు. రక్తంలో కలిసి లోపలి చర్మానికి చేరి, చెమట గ్రంథుల చుట్టూ రేణువులుగా స్థిరపడుతుంది. ఎండ తగిలే ముఖం, చేతులు ముందుగా పలకరంగుకు తిరుగుతాయి. దీన్ని ఆర్జిరియా అంటారు. సాధారణంగా ప్రాణం తీయదు, అలాగని తిరిగి మామూలూ కాదు. 1939 నాటికి హిల్, పిల్స్‌బరీ అనే ఇద్దరు దీని మీద ఒక పుస్తకమే రాశారు.

బార్న్స్ అదృష్టవంతుడు. 1929 జూలైలో కంపెనీ అమ్మేశాడు. అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలింది. తరవాత సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చి ఆర్జిరాల్‌ను మూలకు నెట్టాయి. వెండికి మిగిలిన గౌరవం ఒంటి పైపూతలో ఉంది. 1968లో వచ్చిన సిల్వర్ సల్ఫాడయజిన్ పూత కాలిన గాయాలకు ఇప్పటికీ వాడుకలో ఉంది.

1990లలో తాగే వెండి మళ్లీ లేచింది, ఈసారి ‘కొల్లాయిడల్ సిల్వర్’ పేరుతో. రెండు వెండి తీగలు, ఒక బ్యాటరీ, గ్లాసు నీళ్లు, అంతే సరంజామా. అయితే అందులో తయారయ్యేది చాలావరకు కొల్లాయిడ్ కాదు, అయాన్లే. నిజమైన కొల్లాయిడ్ పసుపు తిరుగుతుంది. చీకట్లో టార్చి వేస్తే వెలుతురు దారి గీత గీసినట్టు కనబడుతుంది. అయాన్ల నీళ్లు తేటగా ఉంటాయి. అందులో చిటికెడు ఉప్పు వేస్తే సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి పాలలా తెల్లబడతాయి. కడుపులోని ఆమ్లంలోనూ క్లోరైడే ఉంది కాబట్టి, మింగిన అయాన్లకూ అదే గతి. పైగా వెండి థైరాక్సిన్‌ను, కొన్ని యాంటీబయాటిక్‌లను ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇలా అమ్మే వెండి మందులు సురక్షితమనీ పనిచేస్తాయనీ అనడానికి ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో తేల్చింది.

సరిగ్గా ఆ ఏడే మోంటానాలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడు, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి యాంటీబయాటిక్‌లు దొరకవన్న భయంతో ఇంట్లో వెండినీళ్లు తయారుచేసుకుని తాగడం మొదలుపెట్టాడు. 2002లో సెనేట్‌కు పోటీ చేసేనాటికి ముఖం నీలిబూడిద రంగుకు తిరిగింది. మోతాదు మించడం తన తప్పేనని ఒప్పుకున్నాడు, మందు మాత్రం గొప్పదేనన్నాడు.