పాటిమన్ను నుంచి కుండీమన్ను దాకా

రెండేళ్లు టమాటా, వంగ కాసిన కుండీని బోర్లిస్తే మన్ను రాలదు. కుండీ ఆకారంలోనే ముద్దగా ఊడివస్తుంది. చుట్టూ తెల్లటి వేర్ల అల్లిక, పై అంచున బోరునీళ్లు వదిలిన ఉప్పు పొర కనిపిస్తాయి. నీళ్లు పోస్తే నడిమికి దిగకుండా పక్కల నుంచి జారి అడుగు బెజ్జంలోంచి పోతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మిద్దెల మీద కూరగాయలు పెంచేవాళ్లకు ఇది తెలిసిన బాధే. ఇక పనికిరాదని ఆ మన్ను పారబోసి కొత్త సంచి కొనేవాళ్లున్నారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందులోని ఇసుక, బంక ఎక్కడికీ పోలేదు. తరిగినవి చివికిన ఆకూ పేడా, నీళ్లతో కారిపోయిన నత్రజని, వేర్లకు గాలి అందించే సందులు. తరిగినవాటిని తిరిగి చేర్చడం ఈ సీమవాళ్లకు తాతముత్తాతల నాటి నుంచి వచ్చిన పని.

ఇక్కడి ఎర్రనేలల్లో నీరు నిలవదు. అందుకే ఎండాకాలం చెరువు అడుగు కనపడగానే ఒండ్రు తవ్వి బండ్లకెత్తి చేలకు తోలేవారు. ఒండ్రులోని బంక తేమను పట్టి ఉంచుతుంది. కోతలయ్యాక గొర్రెల మంద కట్టించేవారు. రాత్రంతా మంద చేలో పడుకుంటే పెంటికలు, మూత్రం నేలకు దక్కేవి, కాపరికి గింజలు ముట్టేవి. ఇవి రెండూ దొరకని చోట పాటిమన్ను. పాడుబడిన పాత ఊళ్ల దిబ్బల్లో తరాల తరబడి పోగైన బూడిద, పేడ, ఎముకలు, ఇంటి కసువు కలిసిపోయి ఉంటాయి. ఆ మన్ను చల్లిన చేను ఏపుగా పెరిగేది. ఆ తవ్వకాల్లో ఎన్నో పాత ఊళ్ల ఆనవాళ్లు కూడా చేలపాలయ్యాయి. చరిత్రకు అది తీరని నష్టమే.

చెత్తను ఎరువుగా మార్చే పద్ధతిని శాస్త్రంగా రాసిపెట్టినవాడు ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేస్తూ మన రైతుల వాడుకనూ చైనావాళ్ల అనుభవాన్నీ కలిపి, కసువు, పేడ పొరలు పొరలుగా పేర్చి తిరగవేసే విధానాన్ని స్థిరపరిచాడు.

కుండీమన్ను చరిత్ర వేరే దారిన నడిచింది. ఇంగ్లండులో ఒక్కో తోటమాలి ఒక్కో మొక్కకు ఒక్కో మిశ్రమం కలిపేవాడు. 1930లలో లండన్ దగ్గరి మెర్టన్‌లో, జాన్ ఇన్స్ సంస్థకు చెందిన లారెన్స్, న్యూవెల్ ఆ గందరగోళానికి తెరదించారు. మన్నును ఆవిరితో వేడిచేసి తెగుళ్లు పోగొట్టి, ఏడు పాళ్ల మన్నుకు మూడు పాళ్ల పీట్ (చిత్తడినేలల్లో చివికిన నాచు), రెండు పాళ్ల ఇసుక కలిపి, దాదాపు అన్ని మొక్కలకూ సరిపడేలా కుదిర్చారు. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం అసలు మన్నే లేని మిశ్రమం తెచ్చింది. తేలిగ్గా ఉండే ఆ మిశ్రమం సంచులతోనే వాడి పారేసే అలవాటు కూడా ముదిరిందని నా అభిప్రాయం. పీట్ బదులు కొబ్బరిపీచు పొట్టు మన నర్సరీల్లోకి వచ్చింది. ఇవాళ మదనపల్లె చుట్టుపక్కల టమాటా నారు ప్రోట్రేలలో (నారు పోసే గుంటల పళ్లేలలో) ఆ పొట్టులోనే మొలుస్తోంది.

పాతమన్నుకు గొప్ప మేలు చేసింది మాత్రం 1976 నాటి ఇజ్రాయెల్ పరిశోధన. జాకోవ్ కటాన్, ఆయన సహచరులు తడిపిన నేలపై పారదర్శకమైన పాలిథిన్ పట్టా కప్పి, ఎండవేడితోనే తెగుళ్లను అణచవచ్చని చూపారు. మిద్దె మీద మనకూ అదే పని. ఏప్రిల్, మే నెలల్లో మన్ను చిదిపి, వేర్లు ఏరి, తడిపి, పలుచగా పరిచి, పట్టా కప్పి అంచులు బిగించాలి. నాలుగైదు వారాలు ఉంచాలి. తడి ఉంటేనే వేడి లోపలిదాకా పాకుతుంది. నల్ల పట్టా పనికిరాదు, ఎండను అదే తాగేస్తుంది.

ఆ తర్వాత రెండు పాళ్ల పాతమన్నుకు ఒక పాలు చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. ఎరువుకు ఇక్కడ కొదవేముంది? ఆవు పేడ, పట్టుపురుగులు పెంచే ఇళ్లలో మిగిలే మల్బరీ కసువు, ఏదైనా బాగా మాగితే చాలు. ఉప్పు పేరుకున్న మన్నును ముందు వానలో కడగనివ్వాలి. వేర్లపై బుడిపెలు కనిపిస్తే, నులిపురుగులు తగ్గడానికి ఒక కారు బంతి వేయాలి.

పచ్చగా ఉండగానే టమాటా మొక్క వాలిపోతే కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కోసిన చోటినుంచి పాలలాంటి తీగ దిగితే అది బాక్టీరియా వాడు తెగులు. దానికి ఎండ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆ మన్నును టమాటాకు, వంగకు, మిరపకు, ఆలుగడ్డకు మళ్లీ వాడకుండా కరివేపాకు కుండీకి మళ్లించాలి.