కాలలేఖిని: గుండు వేగాన్ని కొలిచిన కథ



'క్రోనోగ్రాఫ్' అన్నది గ్రీకు మూలం గల మాట. మనం 'కాలలేఖిని' అనుకోవచ్చు. తుపాకి గుండు వేగం తెలిపే పరికరానికి ఈ పేరు తగినదే. అది నేరుగా వేగాన్ని కొలవదు. తెలిసిన దూరాన్ని గుండు ఎంత కాలంలో దాటిందో కొలుస్తుంది. దూరాన్ని కాలంతో భాగించడం తరువాతి పని. ఈ చిన్న సంగతి మనసులో ఉంచుకుంటే, ఆ పరికరాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో కూడ బోధపడుతుంది.

గడియారంతో పని లేకుండానే ఈ కార్యాన్ని సాధించినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయ గణితవేత్త. 1742లో వెలువడిన 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ' అనే గ్రంథంలో తన పద్ధతిని వివరించాడు. సుమారు 56 పౌన్ల లోలకాన్ని వ్రేలాడదీసి, దాని ముఖాన బిగించిన కొయ్యపలకలోకి గుండు పేల్చాడు. లోలకం వెనక్కు ఊగినపుడు దానికి కట్టిన రిబ్బను ఎంత మేర లాగబడిందో చూసి, ఆ ఊపునుండి గుండు వేగాన్ని లెక్కగట్టాడు. అది సెకనుకు 1,600 అడుగులు దాటింది! లోలకాన్ని వేర్వేరు దూరాలలో నిలిపి, గాలి అడ్డు నాటి పండితులు తలచినదానికంటె ఎంతో ఎక్కువని నిరూపించాడు. మహాగణితవేత్త ఆయిలర్ 1745లో ఆ గ్రంథాన్ని తన వ్యాఖ్యతో జర్మను భాషలోకి తెచ్చాడు. ఈస్టిండియా కంపెనీ కోటలను చక్కదిద్దడానికి 1750లో మన తీరానికి వచ్చిన రాబిన్స్, 1751 జూలై 29న కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

1860లలో బెల్జియం ఫిరంగిదళాధికారి ల బులాంజే విద్యుత్తును వినియోగించాడు. గుండు మొదటి తీగను తెంపగానే విద్యుదయస్కాంతం పట్టు వదలి ఒక కడ్డీ క్రిందికి పడుతుంది. రెండవ తీగ తెగగానే వేరొక బరువు పడి చిన్న కత్తిని విడుదల చేస్తుంది; ఆ కత్తి పడుతున్న కడ్డీపై గాటు పెడుతుంది. గాటు ఉన్న చోటును బట్టి కాలం తెలుస్తుంది. నాకు నచ్చినది అతని జాగ్రత్త. రెండు వలయాలనూ ఒకేసారి తెంపే సాధనాన్ని కూడ జతచేశాడు. అప్పుడు గాటు నిర్ణీతస్థానంలో పడాలి. పడకపోతే పరికరాన్ని సరిచేయాలి. అంటే పరికరం తన పరీక్షను తానే వెంట తెచ్చుకొన్నది.

నేటి చవక కాలలేఖినులలో తీగలకు బదులు వెలుగును చూసే రెండు 'కన్నులు' ఉంటాయి. గుండు నీడ వాటిని దాటిన క్షణాలను లోపలి గడియారం పట్టుకుంటుంది. ఇంగ్లండులో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఎయిర్ రైఫిల్‌తో గురి అభ్యసిస్తాడు. ఇటువంటిది కొనబోతూ, "అది చూపే అంకెను నమ్మవచ్చునా మాస్టారూ?" అని అడిగాడు. అది ఊసుపోని ప్రశ్న కాదు. అక్కడ పెల్లెట్ శక్తి 12 అడుగు-పౌన్లు మించితే ఆ రైఫిల్‌కు తుపాకి అనుమతిపత్రం ఉండాలి, లేకపోతే నేరం.

లెక్క చూడండి. 8.4 గ్రెయిన్ల పెల్లెట్ వేగం సెకనుకు 800 అడుగులని పరికరం చూపితే శక్తి 11.94, చట్టం లోపలే. కన్నుల నడుమ 24 అంగుళాలని పరికరం భావిస్తూ, నిజంగా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువుంటే? అసలు వేగం 804 అడుగులు దాటుతుంది, శక్తి 12.06 అవుతుంది. శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక స్వల్పదోషం రెట్టింపవుతుంది. గడియారం సెకనులో పదిలక్షల వంతు తప్పినా ఇక్కడ తేడా అడుగులో మూడోవంతు కూడ ఉండదు. చవక పరికరంలో అనుమానించవలసినది ముందుగా దూరాన్నే.

కనుక కన్నులు ఎడంగా ఉండి, కదలని చట్రం గలదాన్ని ఎన్నుకోవడం మేలు. ఎడం సగమైతే అదే దోషం రెట్టింపవుతుంది. పెల్లెట్ ఏటవాలుగా పోతే దారి పెరిగి వేగం తక్కువగా కనబడుతుంది. పది కాల్పులకు ఒకే అంకె వచ్చినంతమాత్రాన అది నిజం కాదు. అది నిలకడ మాత్రమే, యథార్థత వేరు. వేరొక తయారీ పరికరాన్ని వెనుక నిలిపి రెండింటిగుండా కాల్చాలి. పిదప స్థానాలు మార్చి మళ్ళీ కాల్చాలి. రాబిన్స్ కనిపెట్టిన గాలి అడ్డువల్ల వెనుకనున్నది కొంచెం తక్కువ చూపుతుంది కదా! అమెరికాలో ఓలర్ సంస్థ తన 35పి పరికరంలో మూడవ కన్ను పెట్టి, ప్రతి కాల్పునూ రెండుసార్లు కొలిచేటట్లు చేసింది. ల బులాంజే జాగ్రత్తకు అది వారసత్వమే.

జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమని మీమాంసకులు, వేరొక ఆధారంచేత తెలియవలసినదేనని నైయాయికులు వాదించుకున్నారు. ఆ పెద్దల వివాదంలో తీర్పు చెప్పేపాటివాణ్ణి కాను. కాలలేఖిని విషయంలో మాత్రం నేను నైయాయికుల పక్షమే.