సూసన్ లూచీ

సూసన్ లూచీ (జననం: డిసెంబర్ 23, 1946) అమెరికాకు చెందిన టెలివిజన్ నటి. ఏబీసీ ఛానెల్‌లో ప్రసారమైన 'ఆల్ మై చిల్డ్రన్' అనే పగటిపూట ధారావాహికలో ఎరికా కేన్ పాత్రను 1970 నుండి 2011 వరకు పోషించి ప్రసిద్ధి చెందినది. ఈ పాత్రకు ఉత్తమ నటి విభాగంలో డేటైమ్ ఎమ్మీ పురస్కారానికి 21 సార్లు నామినేషన్ పొందగా, 1999లో ఒక్కసారి మాత్రమే పురస్కారం లభించినది. అంతకు ముందు 18 సార్లు ఆమె రిక్తహస్తాలతోనే వెనుదిరిగినది.

ఎరికా కేన్ పాత్ర

లూచీ న్యూయార్క్ రాష్ట్రంలోని స్కార్స్‌డేల్‌లో జన్మించినది. 1968లో మేరీమౌంట్ కళాశాల నుండి పట్టభద్రురాలైనది. రచయిత్రి ఆగ్నెస్ నిక్సన్ సృష్టించిన 'ఆల్ మై చిల్డ్రన్' 1970 జనవరి 5న ప్రారంభమైనది. కథాస్థలం పైన్ వ్యాలీ అనే కల్పిత పట్టణం. రేడియో కాలంలో సబ్బుల కంపెనీలు ప్రాయోజకులుగా ఉండడం వలన ఇటువంటి ధారావాహికలకు 'సోప్ ఒపేరా' అనే పేరు వచ్చినది. ఆ పేరులో కొంత చులకన భావం కూడా లేకపోలేదు.

ఎరికా మొదట పాఠశాల విద్యార్థిని. తరువాత మోడల్‌గా, వ్యాపారవేత్తగా ఎదుగుతుంది, అనేక వివాహాలు చేసుకుంటుంది. స్వార్థం, గడుసుతనం కలిగిన ఈ పాత్రను ప్రేక్షకులు ద్వేషిస్తూనే అభిమానించారు. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించిన 1973లోనే ఎరికా గర్భస్రావం చేయించుకున్నట్లు చూపడం అప్పట్లో సాహసమే.

పురస్కారానికి దూరంగా

లూచీకి మొదటి నామినేషన్ 1978లో వచ్చినది. 1981 నుండి 1993 వరకు ఒక్క ఏడాది కూడా తప్పలేదు. 1983లో ఆమె సొంత ధారావాహికలోని సహనటి డోరతీ లైమన్‌కే పురస్కారం దక్కినది. ఆమె ఓడిన 18 సార్లలో ఐదుసార్లు విజేత ఎరికా స్లెజాక్. స్లెజాక్ నటించిన 'వన్ లైఫ్ టు లివ్' కూడా ఆగ్నెస్ నిక్సన్ సృష్టియే కావడం విశేషం. మరో మూడుసార్లు 'గైడింగ్ లైట్' నటి కిమ్ జిమ్మర్ గెలిచినది. వీరందరూ సమర్థులైన నటీమణులే కనుక దీనిని కేవలం అన్యాయంగా భావించనవసరం లేదు.

అయితే ఈ ఎంపిక విధానంలో ఒక చిక్కు ఉన్నది. ఏడాదికి రెండు వందలకు పైగా భాగాలు ప్రసారమైనా, న్యాయనిర్ణేతలు చూసేది నటీనటులు ఎంపిక చేసి పంపిన కొద్ది భాగాలను మాత్రమే. ఏడుపు, ఆగ్రహం నిండిన సన్నివేశం అక్కడ బాగా రాణిస్తుంది. ఏళ్ళ తరబడి ఒక పాత్రను కొద్దికొద్దిగా మలచుకుంటూ వచ్చిన నటన అంత తక్కువ నిడివిలో కనబడడం కష్టం. 'ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్'లో 1973 నుండి నటించిన జీన్ కూపర్‌కు ఉత్తమ నటి పురస్కారం 2008లో గాని రాలేదు.

క్రమేణా లూచీ ఓటమి ఆమె నటన కంటే ఎక్కువగా వార్తలకెక్కినది. దానిని ఆమె కూడా నవ్వుతూ స్వీకరించినది. 1990లో 'సాటర్డే నైట్ లైవ్' కార్యక్రమానికి వ్యాఖ్యాతగా వచ్చినప్పుడు తనకు ఎమ్మీ రాకపోవడాన్నే హాస్యవస్తువుగా చేసుకున్నది.

1999 విజయం, తరువాత

1999 మే 21న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ థియేటర్‌లో, 19వ నామినేషన్‌కు, నటుడు షెమార్ మూర్ విజేతగా ఆమె పేరు ప్రకటించాడు. సభికులు లేచి నిలబడి కొన్ని నిమిషాల పాటు కరతాళ ధ్వనులు చేశారు. పోటీలో ఓడిన వారు సైతం కంటతడి పెట్టారు.

2001, 2002లలో మరల నామినేషన్లు వచ్చినా పురస్కారం రాలేదు. 2011 సెప్టెంబర్ 23న ఏబీసీలో ధారావాహిక ముగిసినది. 2023 డిసెంబర్‌లో జరిగిన 50వ డేటైమ్ ఎమ్మీ ఉత్సవంలో లూచీకి జీవిత సాఫల్య పురస్కారం లభించినది. దానిని అందించినది కూడా షెమార్ మూరే.