కానరాని చిఱుత

అలంకారశాస్త్రము చెప్పుకొని బ్రదికిన ఈ వృద్ధోపాధ్యాయుడు అమెరికా దేశపు భయానకచిత్రమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగ తోచవచ్చును. మనుమడు చూపగా 1942వ సంవత్సరమునాటి "క్యాట్ పీపుల్" అను చిత్రమును చూచితిని. నాటినుండి భయానకరసమును గూర్చి నేను చెప్పిన పాఠములు మరల తలపునకు వచ్చుచున్నవి.

ఆర్.కె.ఓ. అను చిత్రనిర్మాణసంస్థ అప్పుడు నష్టములలో నుండెను. స్వల్పవ్యయముతో భయానకచిత్రములు తీయించుటకు వాల్ లూటన్ అను నాతని నియమించిరి. ఒక్కొక్క చిత్రమునకు లక్షన్నర డాలర్లు మించరాదు. నిడివి 75 నిమిషములు దాటరాదు. పేరు సంస్థవారే పెట్టెదరు. బిడ్డ కడుపున పడకమున్నే నామకరణమన్నమాట! జాక్ టూర్నర్ దర్శకుడు. "మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్" అను వేఱొక చిత్రమునకై కట్టిన మెట్లవరుసనే ఇందును వాడుకొనిరి.

కథానాయిక ఇరేనా సెర్బియానుండి న్యూయార్కునకు వచ్చి దుస్తుల నమూనాలు గీయు యువతి. తన వంశపు స్త్రీలు కామక్రోధములకు లోనైనచో చిఱుతలగుదురని ఆమె భయము. అందుచే పెండ్లియాడియు భర్తను దరిజేరనీయదు. అతడు దానిని మనోవ్యాధి యనును. క్రమముగా తనతో పనిచేయు ఆలిస్ వైపు అతని మనసు మరలును. నన్నడిగినచో, ఎవరును నమ్మని ఆ యిల్లాలి ఒంటరితనమే ఈ కథకు ప్రాణము.

స్త్రీ మృగమగుటను కన్నులకు కట్టించు ఆర్భాటమునకు ఆ ధనము చాలదు. చూపకుండుటనే వారు ఉపాయముగా గైకొనిరి. ఆలిస్ రాత్రివేళ ఒక గోడ వెంబడి నడచుచుండును. వెనుక ఇరేనా పాదరక్షల చప్పుడు. అంతలో ఆ చప్పుడు ఆగిపోవును. తిరిగి చూడగా ఎవరును లేరు. ఆలిస్ పరుగిడును. ఒక్కపెట్టున మృగము బుసకొట్టినట్లు ధ్వని! తీరా చూడగా అది వచ్చి నిలిచిన బస్సు. ఇట్టి ఉలికిపాటునకు తరువాతి సినిమావారు "లూటన్ బస్సు" అనియే పేరిడిరి.

రసము వాచ్యము కాదు, వ్యంగ్యమని 9వ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు స్థాపించెను. పులి, పులి యని నూఱుమారులు పలికినను భయము పుట్టదు. ఆగిన అడుగుల చప్పుడు దానిని పుట్టించినది.

సంస్థ పెద్దలకు ఇది రుచింపలేదు. చిఱుతను చూపితీరవలెనని పట్టుపట్టిరి. కార్యాలయఘట్టమున బల్లల నడుమ అది కనబడును. అచ్చటనే నా భయము సన్నగిల్లినది. ఏమైనను చిత్రము మంచి లాభము గడించెను.

ఈతకొలను ఘట్టమున నట్లు కాదు. గోడలపై కదలాడు నీటివెలుగులు, ఒక నీడ, గుఱ్ఱుమను ధ్వని. నీటినడుమ ఆలిస్ ఒక్కతె. ఆమె కేకలు వేయగా దీపము వెలుగును. గట్టుపైన ఇరేనా! మృదువుగా మాటాడి వెడలిపోవును. ఆలిస్ విడిచిన పైవస్త్రము మాత్రము పేలికలై యుండును. అప్పుడు మనుమడు నా వంక చూచి, "తాతగారూ, దీపము వేయమందురా?" అని యడిగెను. వేయుమంటిని.