మట్టల ఆదివారం

ఈస్టరుకు ముందొచ్చే ఆదివారం యేసు యెరూషలేము ప్రవేశానికి గుర్తు. ఇంగ్లీషులో పామ్ సండే, తెలుగులో మట్టల ఆదివారం. తాటి, ఈత, కొబ్బరి ఆకుల తొడిమె భాగమే మట్ట. తమిళంలో మట్టై, కన్నడంలో మట్టె. స్వాగతం పలికిన జనం చేతిలో ఉన్నవి ఖర్జూరపు మట్టలని పేరుపెట్టి చెప్పింది నాలుగు సువార్తల్లో యోహాను ఒక్కడే. మన ఈతచెట్టు ఖర్జూరానికి దగ్గరి చుట్టం. తెలుగువాళ్లు చెట్టు సంగతి వదిలేసి చేతిలో పట్టుకునేదానికే పండుగ పేరు పెట్టుకున్నారు. నాకైతే అదే నచ్చింది.

ఉర్దూ క్రైస్తవులకు ఇది ‘ఖజూరోఁ కా ఇత్వార్’. 2024లో ఈ పండుగ మార్చి 24న, రంజాన్ నెల మధ్యలో వచ్చింది. పాతబస్తీలో చార్మినార్ చుట్టూ బండ్లమీద ఖజూర్ రాశులుపోసే రోజులవి. ఇఫ్తార్ పండు గనక ఆ మాట అరబ్బీదే అనుకుంటాం. కాదు, సంస్కృత ఖర్జూరమే. అరబ్బీలో ఖర్జూరం ‘తమ్ర్’. వాళ్లు మన చింతపండును ‘తమ్ర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు టామరిండ్ అందులోంచి పుట్టిందే.

చర్చిలో పంచిన మట్టలను కాల్చిన బూడిదే మరుసటేడు విభూది బుధవారం నాడు కేథలిక్కుల నుదుటికెక్కుతుంది.